ఒకే మందం

లిజ్జత్ అప్పడాల ప్యాకెట్టు విప్పి, పైనున్న ఒక్కదాన్ని తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. వేయించకుండా, కాల్చకుండా, పచ్చిగానే చూడాలి. పలచటి పసుపు వెలుతురు ఇవతలికి దిగుతుంది. అందులో మిరియాల పలుకులు నల్లగా చెదిరి ఉంటాయి. అంచు గీత గీసినట్టు గుండ్రంగా ఉండదు. ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి లోపలికి నొక్కుకుని, చెయ్యి తగిలిన సంగతి చెబుతుంది. అసలు చూడాల్సింది ఆ వెలుతురుని. నడిమధ్య ఎంత దిగుతోందో అంచు దగ్గరా దాదాపు అంతే దిగుతోంది. అంటే అప్పడమంతా ఒకే మందం.

అదెంత కష్టమో అప్పడాల పీట ముందు కూర్చున్నవాళ్లకి తెలుసు. మా అమ్మమ్మగారింట్లో ఏటా వేసవిలో అప్పడాలు పెట్టేవారు. ముందురోజు రాత్రే అప్పడాల ఖారం, ఉప్పు నీళ్లలో వేసి మరగకాచి, తేరిన నీళ్లు వంపి పెట్టుకునేవారు. తెల్లవారుజామున మినప్పిండిలో మిరియాలపొడి, జీలకర్ర, ఇంగువ వేసి ఆ నీళ్లతో కలిపేవారు. చపాతీ పిండిలా మెత్తగా కలిపితే పనికిరాదు. వేలితో నొక్కితే దిగనంత గట్టిగా ఉండాలి. ఆ ముద్దని రోట్లో వేసి, మధ్యమధ్య నూనె చెయ్యి రాస్తూ, రోకలితో దంచేవారు. దంచగా దంచగా ముద్ద రంగు తేలి, పగుళ్లు మూసుకుని, లాగితే సాగడం మొదలుపెడుతుంది. మినుములో ఉండే జిగురే దీనికి మూలం. గారెల పిండి వేళ్లని అంటుకుని వదలకపోవడానికీ, ఇడ్లీ పిండి పొంగిన గాలిని పట్టుకుని ఉండడానికీ ఆ జిగురే కారణం. కందిపప్పు పిండితో ఇంత పలచగా వత్తాలని చూస్తే పీట మీదే చిరిగిపోతుంది.

సాగే ముద్దని పొడుగ్గా తాడులా దొర్లించి, దారంతో ముక్కలు కోసేవారు. కత్తి కంటే దారం మేలు, పిండి నలగదు. ముక్కలన్నీ ఒకే బరువు ఉండాలి. కోసినవాటిని తడిబట్ట కింద దాచి, ఒక్కొక్కటే బయటికి తీసి వత్తాలి. గాలి తగిలితే పైపొర ఎండి, వత్తేటప్పుడు నెరియలు వస్తాయి.

నేను వత్తిన మొదటి అప్పడం నడుమ బొప్పి కట్టినట్టు లావుగా, అంచుల్లో చిరిగి ఉంది. మా పిన్ని వెనక నుంచి నా చేతుల మీద చేతులు వేసి, "నొక్కకే అమ్మాయ్, దొర్లించు. కర్ర బరువు చాలు దానికి" అంది. నడుమ మొదలుపెట్టి అంచు దాకా వెళ్లి, అంచు దాటకముందే కర్ర ఎత్తాలట. అప్పడాన్ని కొద్దిగా తిప్పి మళ్లీ నడుమ నుంచే మొదలుపెట్టాలట. కర్ర అంచు దాటి కిందికి దిగిందంటే అక్కడ పిండి నలిగి కాగితమైపోతుంది. మా పిన్ని చేతిలో అప్పడం తనంతట తనే తిరుగుతున్నట్టు ఉండేది. కాసేపటికి పీట చెక్క గీతలు అప్పడం కిందనుంచి కనిపించేవి. కనిపించగానే ఆపేసేది.

మందం ఒకేలా ఉండాలన్నది చూపు కోసం పెట్టుకున్న నియమం అనుకుంటాం గానీ, కారణం నూనెలో ఉంది. ఎండిన అప్పడంలోనూ కొంచెం తేమ మిగిలి ఉంటుంది. కాగిన నూనె తగలగానే ఆ తేమంతా ఒక్కసారి ఆవిరై పిండిని ఉబ్బిస్తుంది. ఉబ్బిన పిండి మరుక్షణంలో గట్టిపడుతుంది. అప్పడమంతా ఒకే మందమైతే అంతా ఒకే రెప్పపాటులో పొంగుతుంది. నడుమ లావుంటే అంచు మాడేసరికి కూడా నడుమ పచ్చిగానే ఉంటుంది. అందుకే ఎండలోనూ జాగ్రత్త కావాలి. మరీ ఎక్కువ ఎండితే విరుగుతుంది, పొంగదు. తక్కువ ఎండితే డబ్బాలో బూజు పడుతుంది.

ఇంటికి సరిపడా ఒకరోజు అప్పడాలకే ఇంత పని. అలాంటిది 45,000 మంది ఆడవాళ్లు, 80కి పైగా శాఖల్లో, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని, ప్రతిరోజూ ఇదే పని చేసి, ఒకే రకం అప్పడం తయారుచేస్తే? 2019 నాటికి వాళ్ల ఏడాది అమ్మకాలు 1,600 కోట్ల రూపాయలు. సాధారణంగా ఇంత పెద్ద సరుకుకి ఒకే రూపం తేవాలంటే మనుషుల్ని ఒక కప్పు కిందికి చేర్చి, పైన అజమాయిషీ పెట్టి, చేతుల స్థానంలో యంత్రాలు దింపుతారు. శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్ దీనికి వేరే దారి కనిపెట్టింది. ఆ దారిని అతుకు అతుకుగా విప్పి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

దయగా వ్యాపారం నడపడం అంటే మనకి ఒక మంచి యజమాని గుర్తొస్తాడు. పండక్కి బట్టలు పెడతాడు, జ్వరమొస్తే సెలవిస్తాడు, కూతురి పెళ్లికి చేబదులిస్తాడు. ఆ దయ నిజమైనదే. అయితే అది ఆయన మనసులో ఉంటుంది. ఆయనకి కోపమొచ్చిన రోజున, ఆయన కొడుకు గద్దెనెక్కిన రోజున దానికేమవుతుందో ఎవరూ చెప్పలేరు. లిజ్జత్‌లో నేను చూసింది మరో రకం దయ. అది పని జరిగే పద్ధతిలోనే ఉంది: పిండి ఎక్కడ ఇస్తారు, డబ్బు ఎప్పుడిస్తారు, బండి ఎన్నింటికి వస్తుంది, లాభం ఎలా పంచుతారు అనే వాటిలో. పెద్దగా చదువు లేని ఆడవాళ్లు అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కొక్క ముక్కే చేర్చుకుంటూ కట్టిన యంత్రం అది.

మొదలైంది 1959 మార్చి 15న, బొంబాయి గిర్‌గావ్‌లోని లోహానా నివాస్ మేడ మీద. ఏడుగురు గుజరాతీ గృహిణులు. వారిలో జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ పేరు తర్వాత దేశమంతా తెలిసింది. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. వాళ్లకి తెలిసిన విద్య వంట ఒక్కటే, చేతిలో ఉన్న ఖాళీ సమయం మధ్యాహ్నం కాస్త. సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో ఉన్న ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ దగ్గర 80 రూపాయలు అప్పు తీసుకున్నారు. నష్టాల్లో ఉన్న ఒక అప్పడాల వ్యాపారాన్ని దాని సామానుతో సహా తీసుకున్నారు. మొదటిరోజు మేడ మీద తయారైనవి నాలుగు ప్యాకెట్లు. వాటిని భులేశ్వర్‌లో తెలిసిన వ్యాపారి ఒకాయనకి అమ్మారు.

ఆ 80 రూపాయలు అప్పు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. వాళ్లు మొదట్లోనే ఒక నిర్ణయం తీసుకున్నారు: నష్టం వచ్చినా సరే, ఎవరి దగ్గరా చందా గానీ సాయం గానీ పుచ్చుకోకూడదు. బీద ఆడవాళ్ల సంఘానికి దానమివ్వడానికి బొంబాయిలో చేతులు కరువుండవు. ఇచ్చిన చెయ్యి ఏదో ఒకరోజు పీట దాకా కూడా వస్తుందని వాళ్లకి తెలిసే ఉంటుంది. అప్పు తీరుస్తే తీరిపోతుంది, దానం అలా తీరేది కాదు.

అందరూ ఛగన్‌బాపా అని పిలిచే ఆ పెద్దాయన డబ్బు కంటే విలువైనవి రెండిచ్చారు. మొదట్లో వీళ్లు రెండు రకాల అప్పడాలు చేసేవారు, మేలురకం ఒకటి, తక్కువ ధరకి నాసిరకం ఒకటి. నాసిరకం మానేయమని, ఒకే ప్రమాణానికి కట్టుబడమని ఆయన చెప్పారు. రెండోది, లెక్కలు. దీన్ని వ్యాపారంగానే నడపాలి, ప్రతి పైసా పుస్తకంలోకి ఎక్కాలి అన్నారు. ఈ రెండూ వినడానికి కఠినంగా ఉంటాయి. కానీ అప్పడం రెండు రకాలైతే వత్తేవాళ్లూ రెండు రకాలవుతారు. మంచి చెయ్యి ఉన్నవాళ్లకి మేలు పిండి, కొత్తవాళ్లకి నాసి పిండి, కూలీలో తేడా, కూర్చునే చోటులో తేడా. ఒకే రకం ఉంచడంతో ఆ మెట్టు కట్టే అవకాశమే లేకుండా పోయింది. లెక్కలు సరిగ్గా ఉంటే అనుమానం పుట్టదు. అక్షరం రాని మనిషికి అన్నిటికంటే పెద్ద భయం, తనకి తెలియకుండా ఎవరో ఏదో రాసుకుంటున్నారన్నది.

మూడు నెలల్లో వత్తేవాళ్లు పాతికమంది అయ్యారు. ఆ ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. విరిగిన అప్పడాలు ఇరుగుపొరుగుకి పంచారు. వానాకాలం వచ్చేసరికి మేడ మీద ఎండ లేదు, నాలుగు నెలలు పని ఆగింది. మరుసటి ఏడాదికి ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, మంచం కింద స్టవ్ వెలిగించారు. వాన బయట, ఎండ మంచం కింద. నాలుగు నెలల తిండి ఒక మంచంతో కాపాడుకున్న ఉపాయం అది. ఎండని ఇంటిలోకి తెచ్చుకోవచ్చన్న ఆలోచన వంటింట్లో పొయ్యి మీద తడిబట్టలు ఆరేసుకున్నవాళ్లకే వస్తుంది.

రెండో ఏడాది నూరు, నూటయాభైమంది, మూడో ఏడాదికి మూడువందలు దాటారు. మేడ పట్టలేదు. ఈ యంత్రంలో అతిముఖ్యమైన మలుపు ఇక్కడే వచ్చింది. పెద్ద షెడ్డు వెతికి మనుషుల్ని అక్కడికి రప్పించవచ్చు. వాళ్లలా చెయ్యలేదు. పిండి ఒకచోట కలిపి, ముద్దలు మనుషుల ఇళ్లకి పంపడం మొదలుపెట్టారు. వత్తిన అప్పడాలు మళ్లీ తెచ్చి ఇస్తే తూచి, ప్యాకెట్లు కట్టేవారు.

స్థలం చాలక చేసిన ఏర్పాటే ఇది. అయినా దాని ఫలితం ఆలోచించండి. అప్పడం పనిలో రెండు భాగాలున్నాయి. పిండి కలపడం మొదటిది. మినుము, ఖారం, ఉప్పు, నీళ్లు పాళ్లు తప్పితే సరుకంతా పోతుంది, కాబట్టి ఇది ఒకేచోట, ఒకే కొలతతో జరగాలి. మినుము మయన్మార్ నుంచి, ఇంగువ అఫ్గానిస్తాన్ నుంచి, మిరియాలు కేరళ నుంచి కేంద్రంగానే కొంటారు, ఏ శాఖ పిండి రుచి చూసినా ఒకేలా ఉండడానికి. వత్తడం, ఆరబెట్టడం రెండో భాగం. దీనికి కావలసింది ఒక పీట, ఒక కర్ర, శుభ్రమైన నేల, చెయ్యి. ఇది ఎక్కడైనా జరగొచ్చు, ఎప్పుడైనా ఆగొచ్చు. పాలకి ఏడ్చే బిడ్డని ఎత్తుకోవడానికి కర్ర పక్కన పెట్టి లేవచ్చు. ముద్ద తడిబట్ట కింద ఎదురుచూస్తుంది. అత్తగారికి మందు ఇవ్వొచ్చు, నీళ్లు వచ్చే వేళకి బిందె పట్టుకోవచ్చు. ఆగకూడని భాగాన్ని సంస్థ తన దగ్గర ఉంచుకుంది. ఆగగలిగే భాగాన్ని ఎన్నోసార్లు ఆగాల్సివచ్చే మనుషులకి ఇచ్చింది. నాకు ఈ మొత్తం పనితనంలో అన్నిటికంటే అందంగా కనిపించే అతుకు ఇదే. తల్లి కష్టం అర్థం చేసుకున్నామని చెప్పే సంస్థలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఆ కష్టానికి తగ్గట్టు పనినే రెండుగా కోశారు.

ఇప్పుడు ఒక రోజు ఎలా తిరుగుతుందో చూద్దాం. ఇంకా తెల్లవారదు, శాఖలో పిండి కలపడం మొదలవుతుంది. సంస్థ ఏర్పాటు చేసిన చిన్న బస్సు వీధులు తిరిగి ఆడవాళ్లని ఎక్కించుకుంటుంది. చీకట్లో ఒంటరిగా నడిచి రానక్కర్లేదు, బస్సు కిరాయికి కూలి డబ్బులు పోవు. ప్రతిమనిషి చేతిలో నిన్నటి అప్పడాల డబ్బా ఉంటుంది. శాఖకి రాగానే ఆ డబ్బా ఒక బల్ల దగ్గర తూస్తారు, అప్పడాలు పరిశీలిస్తారు. నాణ్యత చూసే మనిషి, తూచే మనిషి, ప్యాకెట్లు కట్టే మనుషులు, అందరూ అక్కచెల్లెళ్లే. ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు, సభ్యురాలి పేరు చివర బెన్ అని చేరుతుంది. ఒక బల్ల దగ్గర అప్పడాలు అప్పగించి, ఇంకో బల్ల దగ్గర కూలి తీసుకుని, ఇంకోచోట ఇవ్వాళ్టి పిండి తూయించుకుని, అదే బస్సులో ఇంటికి. పొయ్యి మీద టీ పెట్టుకునే వేళకి ఇంట్లో ఉంటుంది. పిల్లలు బడికి వెళ్లాక పీట వాల్చుకుంటుంది.

తూకం దగ్గర ఒక చిక్కుంది. తడిపిండిగా తీసుకెళ్లింది ఎండిన అప్పడంగా తిరిగొస్తుంది. తేమ పోవడంతో బరువు తగ్గుతుంది. ఎంత తగ్గాలో ముందే లెక్క కట్టి ఉంటుంది. ఆ లెక్క లేకపోతే ప్రతిరోజూ తూకం దగ్గర తగువే. ఎక్కువ తగ్గితే పిండి దాచుకుందన్న మాట వస్తుంది, తక్కువ తగ్గితే సరిగ్గా ఎండలేదన్న మాట వస్తుంది. తేమకి ఒక లెక్క కట్టి అందరికీ చెప్పేస్తే రెండు మాటలూ అక్కడే ఆగిపోతాయి. మనిషి నిజాయితీని మనిషి కాకుండా త్రాసు చూస్తుంది, అదీ అందరికీ ఒకేలా.

చేరాలనుకునే మనిషి ముందుగా ఒక ప్రతిజ్ఞ పత్రం మీద సంతకం పెడుతుంది. ఇంటికి వచ్చి చూస్తారు, నేల శుభ్రంగా ఉందా, అప్పడాలు ఆరబెట్టుకోవడానికి చోటుందా అని. చోటు లేనంత మాత్రాన తలుపు మూసెయ్యరు. పిండి కలపడం, పరీక్షించడం, ప్యాకింగ్ చెయ్యడం లాంటి పనులు శాఖలోనే ఉంటాయి, వాటిలోకి రావచ్చు. కర్ర తిప్పలేని చేతులకి కూడా చేసే పని ఏదో ఉండాలన్న ఆలోచన ఈ పంపకంలో ఉంది. కులం, మతం అడగరు.

ఇక కూలి. వత్తినదానికి ఇచ్చే డబ్బుని గుజరాతీలో వణాయి అంటారు. అది ఏ రోజుది ఆ రోజు ఇస్తారు. ఈ ఒక్క నియమం మీద మరో వ్యాసం రాయవచ్చు. నెల జీతం అలవాటైనవాళ్లకి రోజుకూలి విలువ తెలియదు. కిరాణా కొట్లో పద్దు పెట్టించుకుంటే సరుకు ధర కొట్టువాడు చెప్పిందే. వడ్డీకి తెచ్చుకుంటే తెల్లారకముందే గుమ్మంలో మనిషి. సాయంత్రం పప్పుకి, పిల్లాడి నోట్‌పుస్తకానికి పొద్దున్నే చేతిలో డబ్బుంటే ఈ రెండు గడపలూ ఎక్కనక్కర్లేదు. పైగా డబ్బు తన చేతికే వస్తుంది. అది ఇంట్లో ఎవరికి ఇవ్వాలో, ఎంత దాచుకోవాలో తనే నిర్ణయించుకుంటుంది.

అయితే రోజూ వేలమందికి నగదు ఇవ్వాలంటే రోజూ నగదు రావాలి. చాలా వ్యాపారాలు ఇక్కడే తడబడతాయి. కొనేవాళ్లకి నెల, రెండు నెలల అరువిచ్చి, ఆ అరువు భారాన్ని కూలివాళ్ల మీద వేస్తాయి. లిజ్జత్ దీన్ని తలకిందులు చేసింది. సరుకు తీసుకునే పంపిణీదారులు సరుకు అందగానే డబ్బు కట్టాలి. అరువు లేదు. బల్ల దగ్గర ఒక అక్కకి పొద్దున్నే ఇచ్చే నోటు నిలబడేది ఆ నియమం మీద. మధ్యలో ఆగే చోటు లేదు కాబట్టి డబ్బు నీళ్లలా పారుతుంది, కొట్టు నుంచి శాఖకి, శాఖ నుంచి పీట దగ్గరికి. ఇలా నగదు మీద నడపాలంటే సరుకు అడిగి కొనిపించుకునేంత మంచిది కావాలి. ఒకే రకం, ఒకే మందం అన్న పట్టుదల అక్కరకొచ్చేది ఇక్కడే. నాణ్యత తగ్గితే పంపిణీదారు అరువడుగుతాడు, అరువిస్తే రోజుకూలి పోతుంది. వంకర అప్పడాన్ని బల్ల దగ్గర వెనక్కి ఇచ్చేసే అక్క మనసు రాయి చేసుకున్నదని నాకనిపించదు. ఆవిడ కాపాడుతున్నది పక్కనున్న బల్ల దగ్గరి డబ్బుని.

సభ్యులంతా యజమానులే. లాభం వస్తే ఎంతకాలం నుంచి పనిచేస్తున్నారు, ఏ పని చేస్తున్నారు అన్నది చూడకుండా సమానంగా పంచుకుంటారు. డబ్బు రూపంలోనో, బంగారు నాణెం రూపంలోనో. బంగారం అన్నది నాకు చాలా తెలివైన ఎంపికగా తోస్తుంది. నగదు ఇంటి ఖర్చులో కరిగిపోతుంది, ఎవరైనా అడిగితే ఇవ్వక తప్పదు. బంగారం మాత్రం ఆడమనిషిదిగా మన ఇళ్లలో అందరూ ఒప్పుకుంటారు.

నష్టం వస్తే? నష్టమూ పంచుకోవాల్సిందే, వణాయి తగ్గుతుంది. ఇది నాకు ఇప్పటికీ గుచ్చుకునే చోటు. రోజు గడవడమే కష్టమైన మనిషి మీద శాఖ నష్టం పడకూడదని మనసు అంటుంది. చేతిపని మీద బతకడమంటే వత్తిన రోజే కూలి అన్నదీ నిజం. గంటల తరబడి పీట ముందు వంగితే నడుం, భుజాలు, మణికట్లు పట్టేస్తాయన్నదీ నిజం. ఈ యంత్రానికి అవి అమర్చని భాగాలని నేను దాచను. కానీ నష్టంలో భాగం తీసేస్తే ఆ నష్టాన్ని భరించే మనిషి ఇంకొకరు రావాలి, వచ్చినవాళ్లు మాట కూడా తమదే చెల్లాలంటారు. 80 రూపాయలని అప్పుగా తీసుకున్న ఆడవాళ్లకి ఈ సంగతి తెలుసు.

మాట ఎవరిది అన్నది ఆఖరి అతుకు. మగవాళ్లు సభ్యులు కాలేరు. లెక్కలు రాసేవాళ్లు, బండి నడిపేవాళ్లుగా జీతానికి ఉంటారంతే. మొత్తం సంస్థని నడిపే కమిటీలో 21 మంది, వాళ్లంతా సభ్యురాళ్లే. ప్రతి శాఖకీ ఒక సంచాలిక, ఆమె కూడా సభ్యుల్లోంచే. నిర్ణయాలు అందరూ ఒప్పుకున్న మీదటే జరగాలి, ఒక్క సభ్యురాలు కాదన్నా ఆగాలన్నది నియమం. ఇలా నడిస్తే పని నత్తనడకన సాగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. సాగే ఉంటుంది కూడా. కానీ పిండి గట్టిదనం గురించి, బస్సు వేళ గురించి నిర్ణయించే మనిషి నిన్న పీట ముందు కూర్చున్న మనిషే అయితే ఎదుటివాళ్ల కష్టం ఊహించుకోనక్కర్లేదు, తన భుజానికే గుర్తుంటుంది.

1962లో తమ అప్పడానికి పేరు పెట్టడానికి వాళ్లు పోటీ పెట్టి, గెలిచినవాళ్లకి అయిదు రూపాయలు బహుమతి ఇచ్చారు. లిజ్జత్ అంటే గుజరాతీలో రుచి. గెలిచిన ధీరజ్‌బెన్ రూపారేల్ కూడా వాళ్లలో ఒకరే. 1966లో సంఘంగా రిజిస్టరైంది. ఛగన్‌బాపా పరిచయంతో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ అధ్యక్షుడు యు.ఎన్. ఢేబర్ దృష్టికి వెళ్లి, ఆ సెప్టెంబరులో గ్రామోద్యోగంగా గుర్తింపు, 8 లక్షల రూపాయల మూలధనం వచ్చాయి. అన్నీ ఫలించలేదు. 1961లో మలాడ్‌లో పెట్టిన మొదటి శాఖ నిలబడలేదు. తర్వాత అగ్గిపెట్టెలు, అగరుబత్తులు, తోలుపని మొదలుపెట్టి మూసేశారు. పిండిమరలు, మసాలాలు, ససా డిటర్జెంటు నిలిచాయి. గుజరాత్‌లోని వాలోడ్‌లో 1968లో పెట్టిన శాఖ మహారాష్ట్ర బయట మొదటిది. శాఖ ఎక్కడ తెరిచినా పద్ధతి మాత్రం గిర్‌గావ్ మేడదే: పిండి, బల్ల, త్రాసు, కూలి, బస్సు.

1999 జూన్ 18న అదే గిర్‌గావ్‌లో సభ్యురాళ్లకి చదువు నేర్పే తరగతులు మొదలయ్యాయి. పిల్లల చదువుకి ఛగన్‌బాపా పేరుతో ఉపకారవేతనాలు ఇస్తున్నారు. ప్రతి పైసా పుస్తకంలో ఉండాలని ఆయన అన్న నలభై ఏళ్లకి, ఆ పుస్తకాన్ని చదవడం నేర్చుకుంటున్న ఆడవాళ్లు. కొంతమంది చేతులు అప్పటికే గట్టిపడి ఉంటాయి. పెన్సిలు పట్టడం కొత్త కావచ్చు. కర్రని దొర్లించినంత నెమ్మదిగా అక్షరం దిద్దుకుని ఉంటారు.

కిటికీ దగ్గర పట్టుకున్న అప్పడాన్ని ఇప్పుడు పొయ్యి మీదికి తెస్తాను. పట్టకారతో అంచు పట్టుకుని సన్నటి మంట మీద చూపిస్తే ముందు అంచు ముడుచుకుంటుంది. తర్వాత చిన్న చిన్న బుడగలు లేస్తాయి, నడుమ, అంచులో, అన్నిచోట్లా ఒక్కసారే. అటు తిప్పి ఇటు తిప్పేసరికి పసుపు రంగు పోయి తెల్లబడుతుంది. అంచు మీద ఉన్న ఆ వెంట్రుకవాసి నొక్కు మాత్రం అలాగే ఉంది. ఎవరో ఒక అక్క వేలు అక్కడ పడింది, బహుశా మధ్యలో ఎవరో పిలిస్తే లేచి, తిరిగొచ్చి మళ్లీ కర్ర అందుకున్నప్పుడు.